కొత్త తుపాకి, మొదటి తుడుపు

జహీరాబాదు దాటి బొంబాయి రహదారి వెంట పడమటికి పోవువారికి తెలంగాణపు చివరి ఊళ్లలో ఒకటిగా చిరాగ్‌పల్లి తగులును. ఆవల కర్ణాటకము. లారీల రొద విడిచి ప్రక్కకు నడచినచో చెరకు, అల్లము, కంది, జొన్న చేలు. వీనిలో చెరకు మనుష్యునకు ఎంత ప్రియమో అడవిపందికి అంతకంటె ప్రియము. ఆకు కమ్మిన తోట దానికి వంటయిల్లు, పడకటిల్లు కూడ. ఒక రాత్రి మంద దిగినచో తిన్నదానికంటె త్రొక్కి విరిచినది అధికముగా ఉండును. మంచెపై డబ్బా మ్రోగించి విసిగిన రైతు ఏనాడో ఒకనాడు తుపాకిని తలచుకొనుట సహజము.

తలచుకొనుట వేరు, ఎత్తుట వేరు. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక తుపాకి ఉంచుకొనరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేడు వినోదపు వేటకు చోటు లేదు. పంటను పాడుచేయు మృగమును చంపుటకైనను అధికారి కారణము చూపి వ్రాతమూలకముగా అనుమతి ఈయవలెను. అట్టి అనుమతి పొంది గట్టున కాచుకొన్నవానికి రాత్రియంతటికి ఒక్క గుండు కాల్చు అదను దొరకినచో గొప్ప. ఆ గుండు గురికి పోవుటకు చేయవలసిన పని తుపాకి ఇంటికి వచ్చిన దినముననే మొదలగును.

కొత్త కుండను కడుగక ఎసరు పెట్టు ఇల్లాలు ఉండదు. కొత్త తుపాకి మాత్రము కొత్తది గనుక శుభ్రముగానే ఉండునని పెద్దలు సైతము భ్రమపడుదురు. కర్మాగారమువారు తుప్పు పట్టకుండుటకు గొట్టము లోపల, వెలుపల దట్టముగా జిడ్డు పూసి పంపుదురు. అది తుపాకిని నిలువ ఉంచుటకు పూసినదే గాని కాల్చుటకు పూసినది కాదు.

మొదట చూడవలసినది లోపల తూటా ఉన్నదా, లేదా అని. అమ్మినవాని మాట ఇచ్చట ప్రమాణము కాదు. కంటితో చూచి, వ్రేలితో తడవి, ఖాళీ అని తేల్చుకొనవలెను. పిదప గొట్టముపై చెక్కిన అంకెను చదువవలెను. బెంగాలులోని ఇషాపూరు కర్మాగారమువారి రైఫిలు 315 బోరు. అనగా గొట్టపు రంధ్రము 0.315 అంగుళము, దాదాపు 8 మిల్లీమీటర్లు. తూటాకు నిర్ణయించిన బోరు కూడ అదియే కావలెను.

తరువాత బోల్టును వెలుపలికి తీసి, గొట్టమును వెలుతురు వైపు పట్టి చూచినచో లోపల మెలితిరిగిన గాడులు కనిపించును. రైఫిలు అను పేరు వచ్చినది ఈ గాడులవలననే. బొంగరము తిరుగుచున్నంతసేపు ఒరగక నిలుచునట్లు, ఈ గాడులు త్రిప్పి విడిచిన గుండు గాలిలో పొరలక ముక్కుసూటిగా సాగును. గాడులలో జిడ్డు నిండియున్నప్పుడు ఈ మెలి అంతయు వ్యర్థము.

జిడ్డు వదలుటకు కిరసనాయిలు చాలును. పాత ధోవతి పీలికను కడ్డీకి చుట్టి, గుడ్డ తెల్లగా వచ్చువరకు మరల మరల త్రోయవలెను. కడ్డీ బోల్టు వైపునుండి మూతి వైపునకు పోవలెను గాని మూతినుండి లోనికి పోరాదు. గుండు గొట్టమును విడుచు చివరి అంచు మూతియే. అచ్చట చిన్న గీత పడినను వెనుకనుండి వచ్చు వాయువు ఒక ప్రక్కకు ముందుగా చిమ్మి గుండును ప్రక్కకు నెట్టును. తుడిచిన పిదప పలుచని నూనె పొర చాలును. కాల్చుటకు ముందు దానిని కూడ పొడిగుడ్డతో తీసివేయవలెను. నూనె ఉన్న గొట్టమునుండి వెడలు మొదటి గుండు తక్కిన గుండ్ల చోట పడదు. కాచుకొన్నవానికి ఉన్నది ఆ మొదటి గుండే గదా!

గోడ మూల నిలిపిన తుపాకి మూతిలో కందిరీగ మట్టిగూడు కట్టవచ్చును. కడ్డీనుండి జారిన పీలిక లోపలనే నిలిచిపోవచ్చును. దానిని చూడక కాల్చినచో గొట్టము ఉబ్బును, లేదా పగులును. పగిలిన ఉక్కు కాల్చినవాని ముఖమునకు ఎంత దూరమున ఉండునో చెప్పనక్కరలేదు.

పూర్వపు వేటగాండ్రు కాల్చిన తుపాకిలో సలసల కాగు నీరు పోసెడివారు. ఇనుమునకు నీరు శత్రువు గదా, ఇదేమి చోద్యమని పిల్లలు అడుగవచ్చును. ఆనాటి తూటా అడుగున నిప్పు రగిలించు మందులో పొటాసియం క్లోరేటు ఉండెడిది. మండగానే అందలి ప్రాణవాయువు వెడలిపోయి పొటాసియం క్లోరైడు మిగులును. అది ఉప్పు వంటిదే. గాలిలోని తేమను పీల్చి ఉక్కును తినివేయును. నూనెలో కరగదు, నీటిలో కరగును. మరుగునీరు ఉప్పును కడిగి, వేడిచే తానే ఆరిపోవును. రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఈ మందు వాడుక క్రమముగా తగ్గినది.

1902లో వైస్రాయి కర్జను వరంగల్లు ప్రాంతమున నెక్కొండ వద్ద వేటాడినప్పటి ఛాయాచిత్రమొకటి ప్రసిద్ధము. అందు కర్జను దంపతులు ఉన్నారు, వారి ముందు పులి ఉన్నది. రాత్రి కూర్చుండి తుపాకులు కడిగిన సేవకుల చేతులు అట్టి చిత్రములలో కనిపించవు.

తుడుపు ముగిసిన పిదప అనుమతి గల గురిసాధన స్థలమున, ఆధారముపై తుపాకి నుంచి, కాగితముపై కాల్చి చూచుకొనవలెను. మూడు గుండ్లు ఒక్కచోట గుమిగూడినచో తుపాకి మంచిది. గురికి ప్రక్కగా గుమిగూడినచో దిద్దవలసినది గురిబిళ్ల. ఇది తెలియక మృగముపై కాల్చినవాడు దానిని చంపక గాయపరచి పంపును.

గాయమెంత పని చేయునో కుమాయూను కొండలు చూచినవి. 1907లో జిమ్ కార్బెట్ చంపిన చంపావతు ఆడపులి 436 మందిని పొట్టన పెట్టుకొన్నదని లెక్క. దాని నోట కుడివైపు కోరలు, పైది, క్రిందిది, రెండును విరిగియుండెను. పూర్వమెవరో కాల్చిన గుండు దెబ్బ అది. సహజమైన ఆహారమును పట్టలేక అది మనుష్యులపై బడెను. దానిని చంపినందులకు లెఫ్టినెంటు గవర్నరు హ్యూయెట్ కార్బెట్టునకు 275 బోరు రిగ్బీ రైఫిలును బహూకరించెను. ఆ సంగతి చెక్కిన ఫలకము నేటికిని దాని కఱ్ఱపై ఉన్నది.

చిరాగ్‌పల్లి చెరకులో ఉన్నది పులి కాదు, పందియే. కాని గాయపడిన పంది పారిపోయి దాగునది ఆ చెరకులోనే. తెల్లవారగానే కొడవలి పట్టి ఆ తోటలోనికి మొదట అడుగుపెట్టునది, రాత్రి తుపాకి కాల్చినవాడు కాదు, కోతకు వచ్చిన కూలి స్త్రీ.