మెదడులో గడ్డ తగ్గిందా? ఎలా తెలుస్తుంది?

చేతి మీద గడ్డ లేస్తే కంటికి కనబడుతుంది. తగ్గిందో పెరిగిందో తడిమితే తెలుస్తుంది. మెదడులో గడ్డ అలా కాదు. అది పుర్రె లోపల ఉంటుంది. మరి కొత్త మందు ఇచ్చి పరీక్షించేటప్పుడు, అది పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

ముందు ఎం.ఆర్.ఐ. స్కానింగు తీస్తారు. చేతి నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. గడ్డ ఉన్న చోట రక్తనాళాలు కారుతుంటాయి. ఎక్కించిన మందు అక్కడ చేరుతుంది. ఫోటోలో ఆ చోటు తెల్లటి మచ్చలా కనబడుతుంది.

ఆ మచ్చను కొలుస్తారు. పొడవు 4 సెంటీమీటర్లు, వెడల్పు 3 సెంటీమీటర్లు అనుకోండి. రెండూ గుణిస్తే 12. మందు వాడాక అది 6కి దిగితే, అంటే సగానికి తగ్గితే, మందు పనిచేసినట్టు. 12 కాస్తా 15 అయితే, అంటే పావు వంతు పెరిగితే, జబ్బు ముదిరినట్టు. 1990లో డాక్టర్లు ఈ లెక్క చెప్పారు.

ఈ లెక్క ఎందుకు? ఒకే మందును ఎన్నో ఆసుపత్రులలో పరీక్షిస్తారు. ఒక్కో కొట్లో ఒక్కో తూకం రాయి ఉంటే బేరం కుదరదు కదా! ఇదీ అంతే. అందరి కొలతా ఒక్కటిగా ఉండాలి.

అయితే ఫోటో ఒక్కోసారి మోసం చేస్తుంది.

గడ్డకు రేడియేషన్ ఇస్తారు. దీన్నే కరెంటు పెట్టడం అంటారు. పుండు వాచినట్టు, రేడియేషన్ పడిన చోట వాపు వస్తుంది. మచ్చ పెద్దగా కనబడుతుంది. గడ్డ మాత్రం పెరిగి ఉండకపోవచ్చు. పెరిగిందని తొందరపడితే పనిచేసే మందును ఆపేసినట్టే.

ఇంకో మోసం ఉంది. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ మందు ఇస్తారు. దానితో మచ్చ చిన్నదవుతుంది. గడ్డ మాత్రం అలాగే ఉండవచ్చు. తగ్గిందని సంబరపడితే పనిచేయని మందునే వాడుతూ ఉంటారు. విలువైన కాలం పోతుంది.

అందుకే 2010లో పలు దేశాల డాక్టర్లు కలిసి పద్ధతిని సరిచేశారు. రేడియేషన్ అయ్యాక 12 వారాల లోపు, రేడియేషన్ పడిన చోట మచ్చ పెరిగినంత మాత్రాన జబ్బు ముదిరిందని తేల్చకూడదు. మచ్చ తగ్గితే 4 వారాల తర్వాత మళ్ళీ ఫోటో తీసి చూడాలి. స్టెరాయిడ్ ఎంత వాడుతున్నారో లెక్కలోకి తీసుకోవాలి. మనిషి ఎలా ఉందో కూడా చూడాలి. నడుస్తోందా? మాట సరిగా వస్తోందా? తన పనులు తాను చేసుకుంటోందా? ఈ పద్ధతిని 2023లో మరోసారి మెరుగుపరిచారు.

ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వస్తే పాత ఫోటోలు పారేయకండి. కొత్తదాన్ని పాతదానితో పోల్చితేనే నిజం తెలుస్తుంది. ఏ మందు, ఎంత, ఏ రోజు నుంచి వాడుతున్నారో ఒక పుస్తకంలో రాసి పెట్టండి. ఆ పుస్తకం డాక్టరుకు చూపండి. ఇప్పుడు మనకు రాయడం వచ్చు కదా!

ఆలోచించండి:
1. మచ్చ పెద్దదైతే గడ్డ పెరిగినట్టేనా?
2. పాత ఫోటోలు ఎందుకు దాచాలి?