పెంపుడు కుక్కకు పచ్చి ఎముక పెట్టవచ్చునా?

ఆదివారము ఉదయమున నాచారం, ఉప్పల్ వీధులలోని కోడిమాంసపు అంగళ్ళ ముందు రెండు విధముల కొనుగోలుదారులు కనబడుదురు. ఇంటి కూరకు కిలో, అరకిలో కొట్టించుకొనువారు కొందరు. కూరకు పనికిరాని మెడలు, కాళ్ళు, తలలు, చర్మము సంచిలో వేయించుకొని పోవువారు మరికొందరు. ఈ రెండవవారిని ఎవరికని అడిగినచో "మా కుక్కకండీ" అని చెప్పుదురు. మునుపు ఆ సంచిలోనిది ఇంటికి వెళ్ళి, కాస్త బియ్యముతోను పసుపుతోను కలిసి ఉడికెడిది. ఇటీవల దానిని ఉడికించకుండ, కొందరు ఎముకతో సహా మెత్తగా రుబ్బించియు, కొందరు ఎముకను ఎముకగానే ఉంచియు పెట్టుచున్నారు. "అడవిలో తోడేలు వండుకొని తినుచున్నదా?" అని మమ్ము ఎదురు ప్రశ్నించినవారును కలరు.

ఈ వాదము క్రొత్తది కాదు. ఆస్ట్రేలియా దేశపు పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ కుక్కలకు పచ్చి ఎముకలు పెట్టవలెనని 1993లో ఒక గ్రంథమును వెలువరించెను. అటుపిమ్మట ఈ పద్ధతి అనేక దేశములకు వ్యాపించినది. ఇందులో కొంత నిజము లేకపోలేదు. ముందు ఆ నిజమును చూతము.

ఎముక లేని కోడిమాంసము 100 గ్రాములలో సున్నపు ధాతువు, అనగా కాల్షియము, 10 నుండి 15 మిల్లీగ్రాములకు మించదు. భాస్వరము దానికి పదిరెట్లకు పైగా ఉండును. కుక్క శరీరమునకు ఈ రెండును ఇంచుమించు సమముగా, లేదా సున్నము కొంచెము ఎక్కువగా కావలెను. కేవలము మాంసము పెట్టి పెంచిన కుక్కపిల్లకు రక్తములో సున్నము తగ్గును. ఆ లోటును పూరించుటకు శరీరము తన ఎముకల నుండియే సున్నమును లాగుకొనును. కాళ్ళు వంకరపోవుట, చిన్న దూకుడుకే ఎముక విరుగుట ఈ కారణముననే. మా కుక్కకు రోజూ అరకిలో మాంసము పెట్టుచున్నాము, అయినను కుంటుచున్నదేమి అని అడుగువారికి ఇదియే సమాధానము. కనుక మాంసముతో పాటు ఎముకలోని సారము కావలెననుట సత్యమే. అది పచ్చి ఎముక రూపముననే కావలెనా అనునది ప్రశ్న.

మన శాస్త్రము ఈ విషయమున ఏమనుచున్నదో చూచినచో ఒక విశేషము కనబడును. సమాన ద్రవ్యము సమాన ధాతువును పెంచునను సూత్రమును శారీరస్థానమున వివరించుచు, చరకుడు అస్థిధాతువునకు గట్టి ఎముకను కాక తరుణాస్థిని, అనగా మెత్తని మృదులాస్థిని పేర్కొనెను. అంతియే కాక కోడిగ్రుడ్డు పెంకుతో చేయు కుక్కుటాండ త్వక్ భస్మము మన ఔషధములలో ఉన్నదే. ఎముక కొరకక ఎముకకు బలము చేకూర్చు మార్గము మనకు తెలియనిది కాదు.

ఇక ఎముక వలని ప్రమాదము. వండిన ఎముక కంటె పచ్చి ఎముక మేలనుట వాస్తవమే. వేడికి ఎముకలోని జిగురు పదార్థము చెడి, ఎముక పెళుసై, కొరికినప్పుడు సూదులవలె చీలును. మన ఊరిలో బిర్యానీ తిన్న పిమ్మట పళ్ళెములోని ఎముకలను కుక్క ముందు పోయుట దయ అనుకొందురు. అది దయ కాదు. ఆ ఎముకలకు ఉల్లి, వెల్లుల్లి మసాలా కూడ అంటియుండును. ఈ రెండును కుక్కల, పిల్లుల ఎఱ్ఱ రక్తకణములను చిట్లించి పాండురోగమును కలిగించును. మా వీధిలోని ఒక తెల్లని పొమరేనియన్ కుక్క ఇట్లే ఒక పెండ్లి విందు మరునాడు నోరు తెరచి చొంగ కార్చుచు, ముందుకాలితో మూతిని గీకుకొనుచు కూర్చుండెను. ఇంటివారు అరటిపండు మింగించిరి, అన్నపు ముద్దలు మింగించిరి. ఎముక ఇంకను లోతునకు దిగినది. చివరకు మత్తు ఇచ్చి తీయవలసివచ్చినది. అది బ్రతికినది. అయితే పచ్చి ఎముక ఇట్లు చేయదని నమ్మరాదు. పొట్టేలు, గేదె కాలి ఎముకలు కొరికి దవడపండ్లు పగులగొట్టుకొను కుక్కలు కలవు. పచ్చిదైనను పెద్ద ముక్క గొంతులోనో ప్రేగులోనో అడ్డుపడగలదు.

రుబ్బించినచో ఈ భయము లేదు కదా అందురు. అడ్డుపడుట తగ్గును, నిజమే. కాని మాంసము పైభాగమున ఉండు సూక్ష్మక్రిములు రుబ్బుటతో లోపలికంతయు కలిసిపోవును. సాల్మొనెల్లా వంటి క్రిములను కుక్క తాను జబ్బు పడకయే మోయగలదు. అది తిన్న గిన్నె, అది నాకిన చేయి, దాని మలము, వీటి ద్వారా ఇంటిలోని పసిపిల్లలకును వృద్ధులకును అవి చేరును.

ఇంతకంటె మేము భయపడునది గర్భాంత్రములను, అనగా కాలేయము, ఊపిరితిత్తులను పచ్చిగా పెట్టుట. గొఱ్ఱె, గేదెల కాలేయములో నీటితిత్తులుగా ఉండు ఒక బద్దెపురుగు పిల్లదశ కుక్క కడుపున చేరి పెద్ద పురుగగును. దాని గ్రుడ్లు కుక్క మలముతో వెలువడి, వెండ్రుకలకు అంటి, కుక్కను ముద్దాడు బిడ్డ నోటికి చేరును. ఆ బిడ్డ కాలేయములోనో ఊపిరితిత్తిలోనో తిత్తి నెమ్మదిగా సంవత్సరముల తరబడి పెరుగును. దీనినే హైడాటిడ్ తిత్తి అందురు. తరచు శస్త్రచికిత్స అవసరమగును. ఉప్పల్ సమీపమున చెంగిచర్లలో 1999లో ఏర్పడిన జాతీయ మాంస పరిశోధన కేంద్రము, ఇప్పటి జాతీయ మాంస పరిశోధన సంస్థ, ఉన్నది. మాంసపు శుభ్రత ఒక ప్రత్యేక శాస్త్రమని చెప్పుటకు ఆ సంస్థ మన పొరుగున ఉండుటయే చాలును. తనిఖీ లేని చోట కోసిన జంతువు కాలేయమును చవకగా వచ్చినదని కుక్కకు తేరాదు.

పక్షిజ్వరము విషయము మరియొకటి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోను, మన తెలంగాణలోను కోళ్ళకు ఈ వ్యాధి సోకినట్లు నిర్ధారణ అయినది. అదే సంవత్సరము మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేండ్ల బాలిక ఈ వ్యాధితో మరణించినది. ఆ బిడ్డ పచ్చి కోడిమాంసపు ముక్క తిన్నదని వార్తలు వచ్చినవి. అమెరికాలోని ఒరెగాన్‌లో 2024 డిసెంబరులో, గడప దాటని ఒక పిల్లి గడ్డకట్టించిన పచ్చి మాంసాహారము తిని ఇదే వ్యాధితో చనిపోయినది. గడ్డకట్టించుట వలన బద్దెపురుగు తిత్తులు చచ్చును గాని, సాల్మొనెల్లాయు ఈ వైరసును చావవని గ్రహించవలెను. ఫ్రిజ్‌లో వారము ఉంచితిమి కదా అని ధైర్యపడరాదు. మాంసము నడిమి వరకు 70 డిగ్రీలకు మించి ఉడికినచో ఈ భయములు తొలగును.

కాబట్టి మా సలహా ఇది. ఎముక తీసిన మాంసమును ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేక ఉడికించి అన్నముతోనో రాగి సంకటితోనో కలిపి పెట్టవలెను. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికలలో రాగులలో 100 గ్రాములకు 364 మిల్లీగ్రాముల సున్నము ఉన్నట్లు చూపబడినది. ధాన్యములలో ఇది మేటి. అయినను అది ఒక్కటియే చాలదు. కోడిగ్రుడ్డు పెంకులను పది నిమిషములు నీటిలో మరిగించి, ఎండబెట్టి, పిండివలె నూరి, జల్లించి ఉంచుకొనవలెను. సుమారు 10 కిలోల బరువు గల పెద్ద కుక్కకు రోజుకు అర టీ చెంచా పొడి ఆహారములో కలిపినచో ఇంచుమించు ఒక గ్రాము సున్నము లభించును. పెద్ద జాతుల కుక్కపిల్లలకు మాత్రము సున్నము ఎక్కువైనను ఎముకలు చెడును. వాటికిని, మూత్రపిండ వ్యాధి గలవాటికిని పశువైద్యుని అడుగకుండ ఇవ్వరాదు. ఎముకల రసములో సున్నము పుష్కలమని పలువురు నమ్ముదురు. నిజమునకు గంటల తరబడి కాచినను రసములోనికి దిగునది స్వల్పమే. రుచికొరకు వడగట్టి పోయవచ్చును.

పిల్లి సంగతి వేరు. అది మాంసము లేక బ్రతుకలేదు. దానికి అవసరమైన టారిన్ అను పదార్థము ఉడికించిన నీటిలోనికి దిగిపోవును గనుక, ఆ నీటిని పారబోయక మాంసముతోనే పెట్టవలెను.

ఎముక మింగిన కుక్క మాటిమాటికి వాంతి చేసుకొనినను, వీపు వంచి నిలబడినను, ముక్కుచు మలము రాకున్నను, రక్తము పడినను ఇంటి చిట్కాలతో కాలము గడుపరాదు. ఉప్పునీరు పోసి కక్కించుట, ఆముదము పోయుట రెండును ప్రమాదకరములు. పైకి వచ్చు ఎముక గొంతును కోయును. నూనె ఊపిరితిత్తులలోనికి పోవును. నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలకో, రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాలకో, లేదా దగ్గరలోని పశువైద్యుని వద్దకో తీసుకొనిపోయి ఎక్స్‌రే తీయించవలెను. ఏ ఎముక, ఎప్పుడు మింగినది, వండినదా పచ్చిదా అను మూడు సంగతులు వైద్యునికి ముందుగా చెప్పవలెను.