హార్డ్ డిస్క్ అమరిక - మన్నిక: కృష్ణా డెల్టా నేపథ్యంలో పరిశీలన

కీలకపదాలు: హార్డ్ డిస్క్, అమరిక, కంపనం, ఆర్ద్రత, విజయవాడ, కృష్ణా డెల్టా.

1. ఉపోద్ఘాతం:

తాళపత్రాల ఛాయాచిత్రాలు, మౌఖిక సాహిత్య ధ్వనిముద్రణలు, క్షేత్రపర్యటన వివరాలు నేడు ఎక్కువగా హార్డ్ డిస్కుల్లోనే భద్రమవుతున్నాయి. కథకుడు గతించిన తరువాత డిస్కు చెడితే ఆ గొంతును తిరిగి సేకరించలేం. కాబట్టి డిస్కును పడుకోబెట్టాలా, నిలబెట్టాలా అన్న సందేహం పరిశోధకులకూ సంబంధించినదే. దానికి సమాధానాన్ని వివరించి, విజయవాడ, పరిసర డెల్టా ప్రాంతానికి అన్వయించడం ఈ వ్యాస లక్ష్యం.

2. అమరిక ప్రభావం:

డిస్కులోని అయస్కాంత పూత గల పళ్ళేలు సాధారణంగా నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. వాటికి కొద్ది నానోమీటర్ల ఎత్తులో హెడ్ తేలుతుంటుంది. 1980లలో చాలా డిస్కులు స్టెప్పర్ మోటారుతో హెడ్‌ను జరిపేవి. హెడ్ సరిగ్గా ట్రాక్‌పైనే ఉన్నదో లేదో గమనించే ఏర్పాటు వాటిలో లేదు. అందువల్ల పడుకోబెట్టి ఫార్మాట్ చేసిన డిస్కును నిలబెడితే, గురుత్వాకర్షణ వల్ల హెడ్ స్వల్పంగా జరిగి చదవడంలో దోషాలు ఏర్పడేవి. అమరిక మార్చితే మళ్ళీ ఫార్మాట్ చేయాలన్న సూచన ఆనాటిది.

తరువాత వచ్చిన వాయిస్ కాయిల్ డిస్కుల్లో హెడ్, పళ్ళేలపై ఉన్న సర్వో గుర్తులను చదువుతూ తన స్థానాన్ని నిరంతరం సరిదిద్దుకుంటుంది. హెడ్‌ను మోసే చేయి కూడా ఇరుసుకు రెండువైపులా సమతూకంగా ఉంటుంది. కనుకనే నేటి తయారీదారులు సాధారణంగా ఏ దిశలోనైనా బిగించడానికి అనుమతిస్తున్నారు.

అమరిక పరోక్షంగా మాత్రం హాని చేయగలదు. నిలబెట్టిన బాహ్య డిస్కు తేలికగా పడిపోతుంది. ఆగి ఉన్న డిస్కుకన్నా తిరుగుతున్న డిస్కు చాలా చిన్న దెబ్బకే పాడవుతుంది. స్క్రూలు వదులైతే కంపనం హెడ్‌ను ట్రాక్ నుంచి తప్పిస్తుంది.

3. డెల్టా పరిస్థితులు:

2007లో గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి, ఉష్ణోగ్రతకూ వైఫల్యానికీ ఊహించినంత బలమైన సంబంధం లేదని తెలిపారు. 2016లో రట్గర్స్ విశ్వవిద్యాలయ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు బయటిగాలితో చల్లబరిచే డేటా కేంద్రాలను అధ్యయనం చేశారు. అధిక సాపేక్ష ఆర్ద్రత ప్రభావమే అన్నిటికన్నా ఎక్కువని, అది ప్రధానంగా కంట్రోలర్, అనుసంధాన లోపాలుగా బయటపడుతుందని గుర్తించారు. సముద్రపు గాలి, కాలువలు, వరిచేలు గల డెల్టాలో ఈ ఫలితం గమనించదగినది.

వరద మరొక ముప్పు. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు వరద విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్ తదితర ప్రాంతాలను ముంచెత్తింది. ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నీట మునిగే గదిలో డిస్కు ఏ దిశలో ఉన్నా ఒక్కటే.

4. ముగింపు:

డిస్కు దిశకన్నా అది ఉండే చోటు ముఖ్యం. దానిని కదలకుండా బిగించాలి. పడుకోబెట్టడమే బాహ్య డిస్కుకు క్షేమం. తేమ తగలని గదిలో, వరదనీరు అందని ఎత్తులో ఉంచాలి. మరొక ప్రతిని డెల్టాకు వెలుపల భద్రపరచి, అది తెరుచుకుంటున్నదో లేదో అప్పుడప్పుడు పరీక్షించాలి. ఎంత చక్కగా అమర్చినా, ఒకే ప్రతి ఉన్న సేకరణకు రక్షణ లేదు.