విద్యార్థినులు: వక్తృత్వము, బ్యాండుమేళము

పరీక్షలలో నెగ్గుటయే విద్య యని తలంచువారు మనలో ననేకులు గలరు. విశ్వవిద్యాలయములందు తరగతి గదికి వెలుపల జరుగు వాదసభలు, ఉపన్యాసపు పోటీలు, బ్యాండుమేళముల కవాతులు వట్టి కాలక్షేపములని వారి యభిప్రాయము. బాలికల విషయమున నీ యభిప్రాయము మఱింత గట్టిపడును. "చదివిన చదువు చాలదా? సభలకెక్కి మాటలాడవలెనా?" యని పెద్దలు అడుగుచుందురు. ఈ ప్రశ్న మన యిండ్లలోనే పుట్టినది కాదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున స్త్రీలు సభలో నోరు విప్పుటకును, కవాతు వరుసలో నిలుచుటకును ఎంతకాలము పట్టెనో సోదరీమణులు తెలిసికొనదగియున్నది.

ఆ రాష్ట్రమున ఓబర్లిన్ అను విద్యాలయము కలదు. 1837లో నలుగురు స్త్రీలను పురుషులతో సమానముగా పట్టపు చదువునకు చేర్చుకొని యది కీర్తి గాంచెను. 1843లో లూసీ స్టోన్ అను యువతి అచ్చటికి వచ్చెను. ఆమె యంతకుముందు బడిపంతులమ్మగా పనిచేసి, చదువునకై సొమ్ము కూడబెట్టుకొన్నది. విద్యాలయమున గంటకు 3 సెంట్ల కూలికి ఇంటిపనులు చేయుచు చదువుకొన్నది.

ఇంత యుదారమైన విద్యాలయమున సైతము ఒక నియమ ముండెను. వక్తృత్వపు తరగతిలో స్త్రీలు కూర్చుండవచ్చును; మాటలాడరాదు. పురుషులు వాదింపగా వినుటయే వారి పని. లూసీయు, ఆమె స్నేహితురాలు ఆంటోనెట్ బ్రౌనును ఆచార్యుని ఒప్పించి యొకమారు వాదించిరి. వాదము రక్తికట్టెను. అదియే వారి నేరమాయెను! ఇకమీద స్త్రీలు వాదింపరాదని నిషేధము వచ్చినది. అంతట నా బాలికలు రహస్యముగా అడవిలో చేరి, ఎవరైన వత్తురేమోయని కాపుంచుకొని, వాదించుట నేర్చుకొనిరి.

1847లో పట్టప్రదాన సమయమునకు వ్యాసము వ్రాయుటకు తోడివిద్యార్థులు లూసీని ఎన్నుకొనిరి. పురుషులు తమ వ్యాసములను తామే చదువవచ్చును. స్త్రీ వ్రాసినదానిని మాత్రము పురుషుడే చదువవలయును. తన మాటను తాను పలుకరానప్పుడు వ్రాయనే వ్రాయనని ఆమె నిరాకరించెను. పిమ్మట నామె బానిసత్వమునకు వ్యతిరేకముగాను, స్త్రీల హక్కులకొఱకును దేశమంతట నుపన్యసించి ప్రఖ్యాతి గాంచెను. 1883లో ఓబర్లిన్ తన యేబదియేండ్ల యుత్సవము జరుపుకొన్నపుడు ఆమెనే పిలిచి వేదికపై మాటలాడించినది.

ఇక బ్యాండుమేళము మాట. మనకు బ్యాండనగానే పెండ్లి యూరేగింపు జ్ఞప్తికి వచ్చును. అమెరికా విశ్వవిద్యాలయములలో నది సైనికశిక్షణము నుండి పుట్టినది. అదే రాష్ట్రమున, కొలంబస్ నగరమందలి ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయపు బ్యాండు, కవాతు చేయు విద్యార్థులకై 1878లో పిల్లనగ్రోవులతోను డోళ్లతోను ఆరంభమైనది. 1934 నుండి అందు ఇత్తడి బూరలును డోళ్లును మాత్రమే యున్నవి. ఫుట్‌బాల్ పందెములయందు వీరు వాయించుచు, నడచుచు, తమ వరుసలతోనే 'ఒహాయో' అను పేరును ఆంగ్లమున గొలుసుకట్టుగా మైదానముపై వ్రాయుదురు. 1936 నుండి ఈ విన్యాసము ప్రసిద్ధము. అందలి యొక యక్షరముపై చుక్కగా, దేహమును చుట్టుకొనియుండు సూసఫోన్ అను పెద్ద బూరను ధరించిన విద్యార్థి నిలుచును.

ఇది చూచుటకు వేడుకగా నుండును గాని సాధనకు సులభము కాదు. అమెరికా బ్యాండులలో వాడుకయైన లెక్కప్రకారము 5 గజములను 8 అడుగులలో దాటవలయును. ఒకరి యడుగు పొట్టిదైనను, పొడవైనను వరుసయంతయు చెడును. ఊపిరి బూరలో, చూపు వరుసలో, చెవి తాళములో నుండవలెను. ఈ బ్యాండున నిరుడున్నవారు సైతము ఏటేట మరల పరీక్షకు నిలువవలసినదే.

సైనికమూలమగుటచే నీ మేళము చిరకాలము పురుషులదిగానే యుండెను. ప్రభుత్వధనము పొందు విద్యాలయములు స్త్రీపురుష భేదము పాటింపరాదని అమెరికాలో 1972లో శాసనమైనది. 1973లో స్త్రీలు ఆ బ్యాండున చేరిరి. లూసీ స్టోన్ పట్టము పొందిన 126 ఏండ్లకు గాని, అదే రాష్ట్రమున నీ తలుపు తెఱచుకొనలేదు!

నేటి వాదసభల పద్ధతి యెట్టిదో యించుక చెప్పుదుము. ప్రపంచ విశ్వవిద్యాలయముల వాదపోటీలు 1981లో గ్లాస్గో నగరమున మొదలైనవి. 2014లో మన పొరుగున చెన్నపట్టణముననే జరిగినవి. ఇందు ఇద్దరిద్దరుగా నాలుగు జట్లు వాదించును. విషయమును 15 నిమిషములకు ముందు మాత్రమే తెలుపుదురు. ఏ పక్షమున వాదింపవలెనో తామెన్నుకొనుటకు వీలులేదు. ఒక్కొక్కరికి 7 నిమిషములు. మొదటి నిమిషమును, చివరి నిమిషమును విడిచి, నడుమ ప్రతిపక్షులు లేచి ప్రశ్నింపగోరవచ్చును. కాబట్టి వాదమనగా కలహము కాదు. ఎదుటివారి మాటను చక్కగా విననివారు ఇందు నెగ్గలేరు.

మన దేశమున ఎన్.సి.సి.లో 1949లోనే బాలికల విభాగ మేర్పడినది. నేడు కళాశాలలలో వాదసభలకు కొదువలేదు. కాని యింటి గడపయే యొక్కొక్కప్పుడు అడ్డమగుచున్నది. సాయంకాలపు సాధనకు పోయెదనని కుమార్తె యడిగినపుడు, ఎవరు తోడుందురు, ఎన్నిగంటలకు ముగియును అని తల్లి విచారించుట ధర్మమే. విచారించిన పిమ్మట పంపుటయు ధర్మమే.

సభాకంపము పుట్టుకతో వచ్చిన దోషము కాదు, మాటలాడనీయకుండుటచే పెరుగునది. ఇందులకు మందు మన యింటనే యున్నది. రాత్రి భోజనములైన పిమ్మట ఏదైన నొక విషయముపై కుమార్తెను 7 నిమిషములు మాటలాడనిండు. అంతవరకు అన్నదమ్ములును, తండ్రియు అడ్డుపడక విందురు గాక. ఆడుపిల్లకు మాటలాడుటయు, మగపిల్లవానికి వినుటయు ఒక్కమారే యలవడును.