కెర్నెల్ రచనయందు అన్వర్థసంజ్ఞలు

వ్యాకరణశాస్త్రమున సంజ్ఞలు రెండు విధములు. దా, ధా రూపములగు కొన్ని ధాతువులకు పాణిని పెట్టిన 'ఘు' కృత్రిమసంజ్ఞ. దాని యక్షరములందు అర్థము లేదు. 'సర్వనామము' అన్వర్థసంజ్ఞ. సంజ్ఞ లాఘవముకొఱకే యైనచో ఇంత దీర్ఘమైన పేరేల యను శంకకు, అది అన్వర్థమగుటకే యని మహాభాష్యకారుని సమాధానము. ఈ విచారమే నేడు కంప్యూటరు శాస్త్రమునను కలదు.

కంప్యూటరు యంత్రభాగములను, వానిపై నడచు ప్రోగ్రాములను ఏలు మూలక్రమము కెర్నెల్. అందొక్కొక్క పనిని నిర్వహించు భాగము ఫంక్షన్. ఒకరు వ్రాసిన ఫంక్షనును వేఱొకరు పేరునుబట్టియే ప్రయోగింతురు. సామాన్య ప్రోగ్రాము తప్పినచో అది యొక్కటే ఆగును; కెర్నెల్ తప్పినచో యంత్రమంతయు నిలిచిపోవచ్చును.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లైనక్స్ కెర్నెల్ ఇందుకు నిదర్శనము. 1996 నాటి 2.0 కూర్పునందు, వినియోగదారుని మెమరీనుండి దత్తాంశమును తెచ్చు ఫంక్షనునకు 'మెమ్‌సీపీవై ఫ్రమ్ ఎఫ్ఎస్' అని పేరు. ఎఫ్ఎస్ యనునది ప్రాసెసరులోని యొక రిజిస్టరు. ఆ పేరు సాధనమును తెలిపెనుగాని ప్రయోజనమును తెలుపలేదు. పిదప 2.1 శ్రేణిలో వచ్చిన 'కాపీ ఫ్రమ్ యూజర్' విన్నంతనే బోధపడును. దాని తోడిదగు 'సెట్ ఎఫ్ఎస్' మాత్రము, ఆ రిజిస్టరుతో సంబంధము తెగినను, పాతపేరుతోనే నిలిచెను. యోగార్థము నశించి రూఢి మిగిలెను. అది చేయు పని మెమరీ చిరునామాల హద్దును మార్చుట. మార్చిన హద్దును యథాస్థితికి తేకున్నచో రక్షణకు భంగము. అట్టి లోపమొకటి 2010లో బయటపడెను. దోషమునకు పేరే కారణము కాదు. కాని ప్రమాదమును పేరు సూచింపలేదు. 2020 డిసెంబరు నాటి 5.10 కూర్పున ఎక్స్86 ప్రాసెసర్ల విషయమున అది తొలగింపబడెను.

లైనక్స్ లేఖననియమములందు మఱియొక సూక్ష్మము గలదు. 'యాడ్ వర్క్', అనగా 'పనిని చేర్చుము', విధిరూపమగు పేరు. అది సున్నను తిరిగి యిచ్చినచో సాఫల్యము. 'పీసీఐ డివ్ ప్రెజెంట్', అనగా 'పరికరము కలదు', సిద్ధార్థబోధకము. అచట సున్న యనగా లేదని యర్థము. మీమాంసకుల సాధ్యసిద్ధవివేచనము నిది తలపించును. ఈ భేదము పాటింపనిచో ప్రయోక్త వైఫల్యమును సాఫల్యముగా గ్రహించును.

పేర్లన్నియు దీర్ఘములు కానక్కఱలేదు. ఫంక్షను లోపలి లెక్కకు 'ఐ' యను ఏకాక్షరము చాలుననియు, అంతటను వాడబడు ఫంక్షనునకు 'కౌంట్ యాక్టివ్ యూజర్స్' వంటి పేరు వలయుననియు ఆ నియమములే చెప్పుచున్నవి. అష్టాధ్యాయి సూత్రములు సుమారు 4,000. కంఠస్థము చేసినవానికి 'ఘు' ఎచటనైనను స్పష్టమే. మూడుకోట్ల పంక్తులకు మించిన కెర్నెల్‌ను కంఠస్థము చేసినవాడు లేడు. కావున అచట లాఘవముకన్న అన్వర్థతయే ప్రధానము.