ఉద్యోగం కొనుక్కునేది కాదు

కూతురు డిగ్రీ పాసైంది. తల్లి రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. ఒకరోజు పొద్దున ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. పట్నం నుంచి ఒక మనిషి వచ్చాడు. తెల్ల చొక్కా. చేతిలో సంచి. సంచిలో రసీదు పుస్తకం.

"అక్కా, మీ అమ్మాయికి పెద్ద కంపెనీలో ఉద్యోగం ఖాయం. నెలకు 20 వేలు జీతం. పరీక్ష లేదు. ఇంటర్వ్యూ లేదు. 40 వేలు డిపాజిట్ కట్టాలి. చేరిన నెలకే తిరిగి ఇచ్చేస్తారు. ఈ రోజే ఆఖరు" అన్నాడు.

ఇంట్లో 40 వేలు లేవు. పాలిచ్చే గేదె ఉంది. అమ్మితే ఆ డబ్బు వస్తుంది. తండ్రి కొట్టం వైపు చూశాడు. కూతురు తల్లి వైపు చూసింది.

తల్లి రసీదు పుస్తకం అందుకుంది. "ఉండు బాబూ, చదవనీ" అంది. కూడబలుక్కుంటూ చదివింది. అడుగున చిన్న అక్షరాలు ఉన్నాయి. వాటి కింద వేలు పెట్టి చదివింది.

"క-ట్టి-న సొ-మ్ము తి-రి-గి ఇ-వ్వ-బ-డ-దు."

తల్లి తలెత్తింది. "నువ్వేమో తిరిగి ఇస్తారంటున్నావు. ఇందులో ఇవ్వరని రాసి ఉంది. ఏది నిజం బాబూ?"

ఆ మనిషి తడబడ్డాడు. "సాయంత్రం వస్తాను" అని వెళ్లాడు. సాయంత్రం రాలేదు. మర్నాడు కూడా రాలేదు. గేదె కొట్టంలోనే ఉంది.

డబ్బు అడిగితే అనుమానించాలి

రైతు కూలికి పిలుస్తాడు. పని చేయించుకుంటాడు. కూలి ఇస్తాడు. కూలీ దగ్గర డబ్బు తీసుకోడు. ఉద్యోగం కూడా అంతే. పని చేసేవాళ్లకు జీతం ఇవ్వాలి. వాళ్ల దగ్గరే డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు, బేరం.

సర్కారు ఉద్యోగ పరీక్షలకు ఫీజు ఉంటుంది. అది చిన్న మొత్తం. పరీక్ష పెట్టే సంస్థకే కట్టాలి. మధ్య మనిషి చేతికి ఇవ్వకూడదు. కేంద్ర ప్రభుత్వంలో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ అని ఉంది. ఆ కమిషన్ పెట్టే పరీక్షలకు ఆడవాళ్లు ఫీజే కట్టక్కర్లేదు. పదో తరగతి పాసైనవాళ్లకు కూడా అందులో ఉద్యోగాలు ఉన్నాయి. కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్షను 2024 నుంచి తెలుగులో కూడా రాయవచ్చు.

మోసాన్ని గుర్తుపట్టడం ఎలా? ఈ మాటలు వినబడితే జాగ్రత్త పడాలి.

"ముందు డబ్బు కట్టండి."
"పరీక్ష అక్కర్లేదు, నాకు పెద్దవాళ్లు తెలుసు."
"ఈ రోజే ఆఖరు, ఆలస్యం చేస్తే పోతుంది."
"ఒరిజినల్ సర్టిఫికెట్లు నా దగ్గర పెట్టండి."
"మీ ఫోనుకు ఒక నంబరు వస్తుంది, అది చెప్పండి."

ఫోనుకు వచ్చే ఆ నంబరును ఓటీపీ అంటారు. అది బ్యాంకు ఖాతాకు తాళంచెవి లాంటిది. ఎవరికీ చెప్పకూడదు.

ఇప్పటికే డబ్బు కట్టి మోసపోయినవాళ్లు ఏం చేయాలి? సిగ్గుపడి ఊరుకోకూడదు. రసీదు, ఫోను నంబరు, మెసేజీలు తీసుకుని పోలీసు స్టేషనుకు వెళ్లాలి. డబ్బు ఫోను ద్వారా పంపి ఉంటే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

కాగితాలన్నీ ఒకచోట

ఆ మనిషి వెళ్లాక తల్లి ట్రంకు పెట్టె తెరిచింది. "నీ కాగితాలన్నీ తియ్యి అమ్మా, చూద్దాం" అంది. కూతురు ఒక్కొక్కటే తీసింది.

పదో తరగతి మార్కుల మెమో. ఇంటర్ మెమో. డిగ్రీ సర్టిఫికెట్. టీసీ. కుల ధ్రువపత్రం. స్టడీ సర్టిఫికెట్లు. ఆధార్ కార్డు. బ్యాంకు పాసు పుస్తకం.

తల్లి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసింది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. పుట్టిన తేదీ కూడా వేరుగా ఉంది.

"ఇంత చిన్న తేడాకు ఏమవుతుందిలే అమ్మా" అంది కూతురు.

చిన్న తేడాయే. కానీ ఉద్యోగం వచ్చాక కాగితాలు సరిచూస్తారు. అప్పుడు ఈ తేడా అడ్డం పడుతుంది. అప్పటికప్పుడు సరిచేయించడం కష్టం. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అన్నిటిలో ఒకేలా ఉండాలి. పుట్టిన తేదీకి పదో తరగతి మెమోనే ఎక్కువ చోట్ల చూస్తారు. ఆధార్‌ను ఆధార్ కేంద్రంలో దానికి తగ్గట్టు మార్పించుకోవాలి.

స్టడీ సర్టిఫికెట్లు ఎందుకు? పిల్ల ఏ ఊళ్లో ఏ తరగతి చదివిందో అవి చెబుతాయి. రెండు తెలుగు రాష్ట్రాల సర్కారు ఉద్యోగాల్లోనూ స్థానికులకు ఎక్కువ పోస్టులు ఉంటాయి. స్థానికురాలినని చూపించడానికి ఆ కాగితాలు కావాలి. చదివిన బడికి వెళ్లి అడిగితే ఇస్తారు.

ఒరిజినల్స్ ఇంట్లో భద్రంగా ఉండాలి. జిరాక్సు కాపీలు రెండు మూడు జతలు తీసి పెట్టుకోవాలి. అడిగిన చోట కాపీ ఇవ్వాలి. ఒరిజినల్ చూపించి వెనక్కి తెచ్చుకోవాలి.

ఎక్కడ వెతకాలి?

ఉద్యోగం ఇంటికి నడిచి రాదు. వెతుక్కుంటూ వెళ్లాలి. వెతకడానికి మంచి చోట్లు ఉన్నాయి.

మొదటిది జిల్లా ఉపాధి కార్యాలయం. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి అంటే అదే. అక్కడ పేరు రాయించుకోవడానికి డబ్బు అక్కర్లేదు. పేరు రాయించుకున్నంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు. కానీ జాబ్ మేళాల కబురు అక్కడ తెలుస్తుంది.

రెండోది శిక్షణ. డిగ్రీ ఉన్నా చేతిలో పని లేనివాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటివాళ్లకు దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఉంది. ఇది 2014లో మొదలైంది. పల్లెల్లో పేద ఇళ్ల పిల్లలకు పని నేర్పి ఉద్యోగం చూపిస్తారు. 15 నుంచి 35 ఏళ్ల వాళ్లు చేరవచ్చు. ఆడవాళ్లకు 45 ఏళ్ల దాకా వీలుంది. శిక్షణకు ఫీజు లేదు. మండల సమాఖ్య ఆఫీసులో అడిగితే వివరాలు చెబుతారు.

సొంతంగా పని పెట్టుకోవాలనుకునే వాళ్లకు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి. వీటిని బ్యాంకులు నడుపుతాయి. ఇలాంటి మొదటి సంస్థ 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైంది. ఇప్పుడు దేశమంతా ఉన్నాయి. కుట్టుపని, సెల్‌ఫోను రిపేరు లాంటివి నేర్పుతారు. భోజనం, వసతి కూడా ఉచితం.

మూడోది పేపరు. సర్కారు ఉద్యోగాల ప్రకటనలు పేపర్లో పడతాయి. ప్రకటనలో నాలుగు సంగతులు ముందు చూడాలి. ఎంత చదువు కావాలి? వయసు ఎంత ఉండాలి? ఆఖరు తేదీ ఎప్పుడు? దరఖాస్తు ఎక్కడ పెట్టాలి? ఈ నాలుగూ పక్కన రాసుకుంటే సగం పని అయినట్టే. ఆఖరు రోజు దాకా ఆగకూడదు. ఆ రోజు ఇంటర్నెట్ సెంటర్ల దగ్గర రద్దీ ఉంటుంది. కంప్యూటరు కూడా మొరాయిస్తుంది.

బయోడేటాలో ఏం రాయాలి?

బయోడేటా అంటే తన గురించి తాను చెప్పుకునే కాగితం. ఒక పేజీ చాలు. పేరు, ఊరు, ఫోను నంబరు, చదువు, వచ్చిన భాషలు, చేతనైన పనులు రాయాలి. అబద్ధం రాయకూడదు. రాసిన ప్రతి మాట మీదా ప్రశ్న అడుగుతారు.

"నాకు అనుభవం ఏముంది? ఏం రాయను?" అంది కూతురు.

తల్లి నవ్వింది. "మా పొదుపు సంఘం లెక్కలు రెండేళ్ల నుంచి ఎవరు రాస్తున్నారు? వీధి పిల్లలకు సాయంత్రం చదువు ఎవరు చెబుతున్నారు? అది పని కాదా?"

నిజమే. అదీ పనే. పది మంది డబ్బు లెక్క తప్పకుండా రాయడం ఒక నేర్పు. పిల్లలను కూర్చోబెట్టి చెప్పడం ఒక నేర్పు. జీతం రాని పని కూడా అనుభవమే. అవి బయోడేటాలో రాయాలి.

ఇంటర్వ్యూకు అరగంట ముందే వెళ్లాలి. శుభ్రమైన బట్టలు చాలు, కొత్తవి అక్కర్లేదు. "మీ గురించి చెప్పండి" అని ముందు అడుగుతారు. దానికి జవాబు ఇంట్లోనే పైకి చెప్పి అలవాటు చేసుకోవాలి. ఈ ఇంట్లో కూతురు చెప్పేది, తల్లి వినేది. ఇంగ్లీషులో చెప్పినా తల్లి వినేది. మాట తల్లికి అర్థం కాకపోయినా గొంతు వణికితే తెలిసేది. "మళ్లీ చెప్పు" అనేది.

తెలియని ప్రశ్న అడిగితే ఏం చేయాలి? "తెలియదండీ, నేర్చుకుంటాను" అనాలి. అది తప్పు కాదు. తెలిసినట్టు నటించడమే తప్పు.

జీతం లెక్క

కూతురికి రెండు చోట్ల పిలుపు వచ్చింది. ఒకటి దూరం సిటీలో, 14,000 జీతం. ఒకటి దగ్గరి టౌనులో, 10,000 జీతం. ఏది మేలు? తల్లీకూతుళ్లు పలక మీద లెక్క వేశారు.

పీఎఫ్ కింద జీతంలో నూటికి 12 రూపాయలు పట్టుకుంటారు. ఈఎస్‌ఐ కింద నూటికి 75 పైసలు పట్టుకుంటారు. జీతమంతటి మీదా పట్టుకుంటే లెక్క ఇలా ఉంటుంది.

సిటీలో 14,000 జీతం. పీఎఫ్ 1,680. ఈఎస్‌ఐ 105. చేతికి వచ్చేది 12,215. హాస్టలుకు, తిండికి 6,000. బస్సుకు 800. మిగిలేది 5,415.

టౌనులో 10,000 జీతం. పీఎఫ్ 1,200. ఈఎస్‌ఐ 75. చేతికి వచ్చేది 8,725. బస్సుకు 1,200. మిగిలేది 7,525.

జీతం తక్కువున్న చోటే 2,110 ఎక్కువ మిగిలింది. అందుకని జీతం ఎంత అని అడిగితే చాలదు. మిగిలేది ఎంత అని కూడా చూడాలి. అయితే డబ్బు ఒక్కటే లెక్క కాదు. ఎక్కడ పని బాగా నేర్పుతారు? ఎక్కడ పైకి ఎదగవచ్చు? అదీ ఆలోచించాలి.

పట్టుకున్న పీఎఫ్ పోయిన డబ్బు కాదు. యజమాని కూడా తన వాటా కలుపుతాడు. అది పనిచేసే మనిషి పేరు మీదే ఉంటుంది. ఈఎస్‌ఐ ఉంటే ఆమెకూ ఇంట్లో ఆమె మీద ఆధారపడినవాళ్లకూ వైద్యం అందుతుంది. జీతం 21,000 దాకా ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐ వర్తిస్తుంది. పట్టుకున్నామని చెప్పి కట్టని యజమానులు కూడా ఉంటారు. అందుకే పీఎఫ్ నంబరు, ఈఎస్‌ఐ నంబరు అడిగి తీసుకోవాలి.

చేరే ముందు

నోటిమాట మీద చేరకూడదు. నియామక పత్రం అడగాలి. 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం పనిలో పెట్టుకున్నవాళ్లు నియామక పత్రం ఇవ్వాలి. పని ఏమిటి, జీతం ఎంత, చేరే తేదీ ఏది అన్నది అందులో చూసుకోవాలి. అంతా చదివాకే సంతకం పెట్టాలి.

ఒకే పనికి ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే జీతం ఇవ్వాలి. 1976 చట్టం ఆ మాట చెప్పింది. ఇప్పటి చట్టమూ అదే చెబుతోంది.

పని చోట ఎవరైనా చెడుగా ప్రవర్తిస్తే? దానికీ చట్టం ఉంది. అది 2013లో వచ్చింది. పది మంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దానికి పెద్దగా ఆడమనిషే ఉండాలి. పది మంది కంటే తక్కువ ఉంటే జిల్లా కమిటీకి చెప్పుకోవచ్చు. మూడు నెలల లోపు రాసి ఇవ్వాలి. ఆపదలో ఉన్న ఆడవాళ్ల కోసం 181 నంబరు కూడా ఉంది.

తల్లి నోటు పుస్తకం

ఈ రెండు పిలుపులూ వెంటనే రాలేదు. అంతకు ముందు ఐదు చోట్ల కాదన్నారు. తండ్రి "ఇక చాలు, సంబంధం చూద్దాం" అన్నాడు. కూతురు అన్నం మానేసి పడుకుంది.

తల్లి తన రాత్రి బడి నోటు పుస్తకం తెచ్చింది. అందులో చివరి పేజీలు ఖాళీగా ఉన్నాయి. గీతలు గీసింది. తేదీ, ఊరు, ఏ ఉద్యోగం, ఏమన్నారు అని నాలుగు గళ్లు పెట్టింది. ఐదూ రాసింది. అక్షరాలు వంకర టింకరగా వచ్చాయి.

"చూడు. మూడు చోట్ల కంప్యూటరు రాదనే కాదన్నారు. నువ్వు పనికిరావని ఎవరూ అనలేదు" అంది.

కూతురు లేచి కూర్చుంది. మర్నాడే కంప్యూటరు శిక్షణ గురించి అడగడానికి మండలానికి వెళ్లింది. తండ్రే సైకిలు మీద బస్టాపు దాకా దింపాడు. మూడు నెలల తర్వాత రాసిన ఆరో వరసలో, ఏడో వరసలో "రమ్మన్నారు" అని ఉంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. ఉద్యోగం ఇప్పిస్తామని మీ ఊళ్లో ఎవరైనా డబ్బు అడిగారా? ఏం జరిగింది?
2. మీ ఇంట్లో పిల్లల పదో తరగతి మెమోను, ఆధార్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. పేరు, తేదీ ఒకేలా ఉన్నాయా?
3. జీతం రాకుండా మీరు రోజూ చేసే పనులు ఏవి? వాటిలో నేర్పు కావలసినవి ఐదు రాయండి.
4. 9,000 జీతంలో పీఎఫ్ ఎంత పోతుంది? చేతికి ఎంత వస్తుంది? లెక్క వేయండి.