జాన్ బేట్స్ క్లార్క్ పతకము

ఉప్పు ఒక ఊరిలో చౌకగాను, దూరమందున్న మఱియొక ఊరిలో ప్రియముగాను ఉండుటకు కారణమేమి? టీకాలు ఉచితముగా వేయుచున్నను కొందఱు తల్లిదండ్రులు బిడ్డలను ఏల తీసికొని రారు? వినుటకు ఇవి చిన్న ప్రశ్నలే. కాని ఇట్టి ప్రశ్నలకు ఓర్పుతోను, నిదర్శనములతోను సమాధానము వెదకుటయే అర్థశాస్త్రవేత్తల పని. ఈ పనిలో చిన్న వయస్సుననే ప్రతిభ చూపినవారిని గౌరవించుటకై అమెరికా దేశమున ఒక పతకము కలదు. అదియే జాన్ బేట్స్ క్లార్క్ పతకము.

క్లార్క్ 1847లో అమెరికాలోని ప్రావిడెన్స్ నగరమున జన్మించెను. యూరపునకు పోయి అర్థశాస్త్రము నభ్యసించి, స్వదేశమునకు తిరిగివచ్చి, న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున పెక్కేండ్లు ఆచార్యుడుగా నుండెను. దేశసంపద పనివారికిని, పెట్టుబడి పెట్టినవారికిని ఏ విధముగా పంపకమగునో వివరించుచు 1899లో ఒక గ్రంథమును ప్రకటించెను. 1885లో అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించిన వారిలో ఆయన యొకడు. 1938లో ఆయన మరణించెను.

క్లార్క్ జన్మించిన నూరేండ్లకు, అనగా 1947లో, ఆ సంఘము ఆయన పేరిట మొదటి పతకము నొసగెను. అమెరికాలో పనిచేయుచు, నలువది యేండ్లలోపు వయస్సు గలిగి, అర్థశాస్త్రమునకు విశేషముగా సేవచేసిన వారికి దీని నిచ్చెదరు. 2009 వరకు ఇది రెండేండ్ల కొకమారు ఈయబడెను. 2010 నుండి ఏటేట ఈయబడుచున్నది. 1953లో మాత్రము ఎవ్వరికిని ఈయలేదు. ఈ గౌరవము పొందిన మొదటి మహిళ సుసాన్ ఏథీ. ఆమె 2007లో దానిని పొందెను. పతకము మొదలైన అఱువది యేండ్లకుగాని ఒక మహిళకు ఆ గౌరవము లభింపలేదు.

మొదటి పతకమును పొందినవాడు పాల్ శామ్యూల్సన్. అర్థశాస్త్ర సూత్రములను గణితభాషలో స్పష్టపఱచుట ఆయన చేసిన మహాకార్యము. ఆయనకు 1970లో నోబెల్ బహుమానము లభించెను. 1957లో ఈ పతకమును పొందిన కెన్నెత్ యారోకు 1972లోను, 1961లో పొందిన రాబర్ట్ సోలోకు 1987లోను నోబెల్ బహుమానము వచ్చెను. సోలో విషయమున ఈ రెండింటి నడుమ ఇరువదియాఱేండ్లు గడచినవి. నోబెల్ బహుమానము తఱచుగా పంట ఇల్లు చేరిన పిదప లభించు గౌరవము. క్లార్క్ పతకము పైరు పచ్చగా నున్నప్పుడే దానిని గుర్తించు గౌరవము.

పతకము అమెరికాలోనిదైనను, దానిని పొందినవారి పరిశోధనలు ఆ దేశమునకే పరిమితములు కావు. మొదట అడిగిన రెండు ప్రశ్నలును భారతదేశమునకు సంబంధించినవే.

2017లో పతకమును పొందిన డేవ్ డొనాల్డ్‌సన్, ఆంగ్లేయుల పాలనలో వేయబడిన రైలుమార్గములవలన భారతీయులకు మేలు కలిగెనా యని విచారించెను. ఇందుకు ఆయనకు ఉప్పు తోడ్పడెను. రాజస్థానములోని సాంభర్ సరస్సువంటి కొన్ని చోట్లనే ఉప్పు తయారై, అక్కడినుండి దేశమంతటికిని పోవుచుండెను. తయారైన చోటి ధరకును, దూరపు బజారులోని ధరకును గల భేదము రవాణా ఖర్చును తెలుపును గదా! పాత ప్రభుత్వపు లెక్కలను జిల్లాలవారీగా పరిశీలింపగా, రైలు వచ్చినచోట ఈ భేదము తగ్గెననియు, వ్యాపారమును ఆదాయమును పెరిగెననియు తేలెను. అంతటితో ఆయన తృప్తి చెందలేదు. వేయదలచియు వేయకుండ విడిచిన మార్గముల వెంట నున్న జిల్లాలను గూడ పరిశీలించెను. అచ్చట అట్టి అభివృద్ధి కానరాలేదు. కావున ఆ మేలు రైలువలననే కలిగినదని చెప్పుటకు బలము చేకూరెను.

రెండవ ప్రశ్నకు సమాధానము వెదకినది ఎస్తేర్ డూఫ్లో. ఆమె ఫ్రాన్సు దేశమున జన్మించి, అమెరికాలో ఆచార్యపదవి నందెను. ఆమెయు, సహపరిశోధకులును, ఒక సేవాసంస్థ సాయముతో రాజస్థానమందలి ఉదయపూరు జిల్లా గ్రామములను మూడు తెగలుగా విభజించిరి. ఏ గ్రామము ఏ తెగలో చేరవలెనో చీట్లు వేసినట్లు నిర్ణయించిరి. మొదటి తెగలో క్రొత్త ఏర్పాటు ఏదియు చేయలేదు. అచ్చట నూటికి ఆఱుగురు పిల్లలకే టీకాలన్నియు పూర్తియయ్యెను. రెండవ తెగలో నెలనెలా తప్పక టీకాల శిబిరము జరిపిరి. నూటికి పదునెనిమిదిమందికి పూర్తియయ్యెను. మూడవ తెగలో శిబిరముతోపాటు, టీకా వేయించినప్పుడెల్ల ఒక కిలో పప్పును, అన్నియు పూర్తియైనప్పుడు భోజనపు కంచములను ఇచ్చిరి; నూటికి ముప్పదితొమ్మిదిమందికి పూర్తియయ్యెను.

పప్పు ఇచ్చుట వ్యర్థవ్యయమని తోచవచ్చును. కాని ఎందఱు వచ్చినను శిబిరపు సిబ్బంది జీతములు ఈయక తప్పదు. ఎక్కువమంది వచ్చుటచే, టీకాలు పూర్తియైన ఒక్కొక్క శిశువునకు పడిన ఖర్చు పప్పు ఇచ్చినచోటనే దాదాపు సగమునకు తగ్గెను. డూఫ్లోకు 2010లో క్లార్క్ పతకమును, 2019లో అభిజిత్ బెనర్జీ, మైఖేల్ క్రెమర్‌లతో కలిసి నోబెల్ బహుమానమును లభించెను.

పేదవారు అజ్ఞానముచేతనే టీకాలు వేయించుకొనరని తలచుట సులభము. రైలు వచ్చినది గావున దేశము బాగుపడెననుటయు సులభమే. ఊహ నిజమగునో కాదో పరీక్షించి చూచుట కష్టము. ఆ కష్టమునకు ఓర్చినవారివలననే ఒక శిశువునకు టీకా అందును, ఒక కుటుంబమునకు ఉప్పు చౌకయగును. క్లార్క్ పతకము గౌరవించునది వయస్సును కాదు. చిన్న వయస్సుననే అలవడిన ఆ ఓర్పును.